పడవలో తలనొప్పి అన్నవాళ్లను గదిలో పడుకోబెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన పత్రికల్లో పాపికొండల విహారం, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీ ప్రయాణం, కేరళ అలప్పుళలో హౌస్‌బోటు అంటూ మంచి మంచి ఫొటోలతో కథనాలు వస్తాయి. చివర్లో జాగ్రత్తలు అని ఒక చిన్న బాక్స్ కూడా వేస్తారు. లైఫ్ జాకెట్ వేసుకోండి, పరిమితికి మించి ఎక్కించుకున్న బోటు ఎక్కకండి, అంచున నిలబడి సెల్ఫీలు దిగకండి అని రాస్తారు. అవన్నీ అవసరమే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో విహారానికి వెళ్లిన బోటు మునిగి ఏం జరిగిందో చూసినవాళ్లకు లైఫ్ జాకెట్ విలువ వేరే చెప్పనక్కర్లేదు. కానీ పడవ మునగకుండానే, అల కూడా లేని నీళ్ల మీదే, మనుషుల్ని చంపేది ఇంకొకటుంది. అది ఇంజిన్, జనరేటర్ వదిలే పొగలోని కార్బన్ మోనాక్సైడ్. దాని గురించి ఆ బాక్సుల్లో ఇప్పటిదాకా ఒక్క ముక్క నేను చదవలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను ఓడల మీద ఇంజినీరుగా పనిచేసి రిటైరై కాకినాడలో ఉంటున్నాను. ఉద్యోగమంతా ఇంజిన్ రూముల్లోనే గడిచింది. ఓడ మీద గాలి సరిగా ఆడని చోటికి వెళ్లాలంటే ముందు మీటరు పెట్టి లోపలి గాలిని కొలుస్తారు, అనుమతి పత్రం రాస్తారు, బయట ఒక మనిషిని కాపలా పెడతారు. అదే గాలి, అదే ఇంజిన్, విహారానికి వెళ్లే పడవలో ఉంటే మాత్రం పిల్లాపాపలతో పక్కనే పడుకుంటాం. ఆ తేడా నాకు మింగుడుపడదు.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పొగ కంపు కొడుతోంది కదా, ప్రమాదమైతే మనకే తెలుస్తుందిలే అనుకుంటారు చాలామంది. కంపు కొట్టేది డీజిల్, నూనె, మసి. అసలు విషం ముక్కుకు తెలియదు. ఇది గాలి కన్నా ఒక్క పిసరు తేలిక, దాదాపు గాలి బరువే, కాబట్టి పైకి పోతుందనీ లేదు, కింద పేరుకుంటుందనీ లేదు, గాలితో కలిసి ఎక్కడికంటే అక్కడికి చేరుతుంది. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. అంటే గాలిలో ఆక్సిజన్ ఉన్నా, మనం ఊపిరి పీలుస్తూనే ఉన్నా, ఒంటికి అందదు.

పడవల్లో ఇది ఎంత పని చేస్తుందో ప్రపంచానికి బాగా తెలిసింది అమెరికాలోని లేక్ పావెల్ వల్ల. అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులో కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ ఆనకట్ట కడితే ఏర్పడిన పెద్ద జలాశయం అది. చుట్టూ ఎడారి, ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. జనం హౌస్‌బోట్లు అద్దెకు తీసుకుని రోజుల తరబడి నీళ్ల మీదే ఉంటారు, ఏసీ కోసం జనరేటర్ నడుస్తూనే ఉంటుంది. 2000 ఆగస్టులో ఒక హౌస్‌బోటు వెనక ఇద్దరు అన్నదమ్ములు, ఒకడికి 8 ఏళ్లు, ఇంకొకడికి 11, ఈత కొడుతూ వెనకవైపు పలక కిందికి వెళ్లారు. నీళ్లలోకి దిగడానికి, ఎక్కడానికి పడవ వెనక బల్లలా ఒక పలక ఉంటుంది కదా, దాని కింద నీటికీ పలకకూ మధ్య కొద్దిగా ఖాళీ. పిల్లలకు అది దాక్కునే గుహలా ఉంటుంది. జనరేటర్ పొగ గొట్టం సరిగ్గా అందులోకే తెరుచుకుని ఉంది. ఇద్దరూ చనిపోయారు.

ఆ తర్వాత అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ వాళ్లు వచ్చి కొలిచారు. గాలిలో పది లక్షల పాళ్లకు 1,200 పాళ్లు కార్బన్ మోనాక్సైడ్ ఉంటేనే ప్రాణాపాయం కింద లెక్క, ఆ పలక కింద దానికి ఎన్నో రెట్లు ఉంది. పాత రికార్డులు తిరగేస్తే 1990 నుంచి 2000 దాకా ఆ ఒక్క సరస్సులోనే పడవలకు సంబంధించిన విషవాయువు కేసులు 111 బయటపడ్డాయి. అందులో 74 హౌస్‌బోట్ల మీదే, ఆ 74లో 64 కేవలం జనరేటర్ పొగ వల్లే. ఆ 74 హౌస్‌బోటు కేసుల్లో ఏడుగురు చనిపోయారు. అప్పటిదాకా ఎవరూ వాటన్నిటినీ ఒక చోట పెట్టి చూడలేదు. నీళ్లలో ప్రాణం పోతే మునిగిపోయాడు అని రాసేస్తారు, రక్తం పరీక్ష చేయరు. ఈత బాగా వచ్చిన కుర్రాడు పడవ పక్కనే, ప్రశాంతమైన నీళ్లలో ఎందుకు మునిగాడని ఎవరూ అడగరు. మన దగ్గర ఇలాంటి మరణాలు లేవు అని ఎవరైనా అంటే నా ప్రశ్న ఇదే: చూశామా? పోస్టుమార్టంలో రక్తంలో ఈ వాయువు పరీక్షించమని మన పోలీసులు, డాక్టర్లు అడిగితేనే కదా తెలిసేది.

పిల్లలు దూరింది పలక కిందకి కాబట్టి మనకేం, మనం పైన కూర్చుంటాం కదా అనుకోవద్దు. పడవ ముందుకు పోతున్నప్పుడు వెనక భాగంలో గాలి సుడి తిరుగుతుంది, వదిలిన పొగలో కొంత తిరిగి పడవలోకే వస్తుంది. మన ఊళ్లలో వెనక తలుపు తెరిచి పెట్టుకుని నడిచే వ్యానులో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు దుమ్ము, పొగ ఎలా కొడతాయో గుర్తు తెచ్చుకోండి, అదే సంగతి. ముందు భాగం పైకి లేచి, వెనక భాగం దిగబడి నడిచే పడవలో ఇంకా ఎక్కువ. వర్షం వస్తోందనో ఎండ కొడుతోందనో చుట్టూ టార్పాలిన్ దించి వెనక మాత్రం తెరిచి వదిలేస్తే లోపల ఉన్నవాళ్లు ఆ పొగే పీలుస్తారు. టార్పాలిన్ దించాల్సి వస్తే గాలి అటూ ఇటూ ఆడేలా ముందు కూడా తెరిచి ఉంచాలి. ఇంజిన్ ఆపకుండా రేవులో గోడ పక్కనో, ఇంకో పడవకు ఆనించో నిలబెట్టినా అంతే, పొగ పోవడానికి చోటు లేక గోడకు కొట్టుకుని వెనక్కు వస్తుంది. పక్క పడవకు కనీసం 20 అడుగుల ఎడం ఉండాలని, అంత ఎడం ఉన్నా గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలని అక్కడి నిపుణులు చెబుతారు. పడవ వెనక పట్టుకుని నీళ్లలో వేలాడుతూ పోయే ఆట ఒకటి ఉంది, దాన్ని కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి మరీ నిషేధించింది. ముక్కు సరిగ్గా పొగ గొట్టం దగ్గరుంటుంది, పైగా ప్రొపెల్లర్ పక్కనే, లైఫ్ జాకెట్ కూడా వేసుకోరు.

ఇది ఎక్కడో అమెరికా గోల అని పక్కన పెట్టడానికి లేదు. ఈ రోజు మన జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు ఎంతమంది అట్లాంటాలో, డల్లాస్‌లో, ఆస్టిన్‌లో ఉన్నారో మీకు తెలుసు. లాంగ్ వీకెండ్ వస్తే నలుగురు కలిసి పాంటూన్ బోటు, అంటే తేలే గొట్టాల మీద బల్లపరుపుగా కట్టిన పడవ, అద్దెకు తీసుకుని సరస్సు మీదికి పోవడం అక్కడ మామూలు. వేసవిలో తల్లిదండ్రులు వెళ్తే వాళ్లనూ తీసుకెళ్తారు. అద్దె బోటుకు డ్రైవర్ ఉండడు, మనమే నడుపుకోవాలి, పది నిమిషాలు చూపించి తాళం చేతిలో పెడతారు. అమ్మానాన్నలు ఈ ఉత్తరం చదివితే దయచేసి ఇవాళే పిల్లలకు వాట్సాప్ చేయండి. పెద్దవాళ్లు వెనక సీటు నీడగా ఉందని అక్కడ కూర్చుంటారు, ఇంజిన్ నడుస్తున్నంతసేపు వాళ్లను ముందుకు రమ్మనండి. ఎవరైనా నీళ్లలో ఉంటే ఇంజిన్, జనరేటర్ రెండూ ఆపి తాళం తీసి జేబులో పెట్టుకోమనండి. 26 అడుగుల లోపు బోట్లలో నడిపే మనిషి ఒంటికి తగిలించుకునే ఎర్ర తాడు ఉంటుంది, మనిషి నీళ్లలో పడితే ఆ తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అక్కడ అది వాడటం చట్టప్రకారం తప్పనిసరి. ఊరికే వేలాడదీసి వదిలేయకుండా తగిలించుకోమనండి.

ఇక మన దగ్గరికి వస్తాను. అలప్పుళ హౌస్‌బోట్లకు మన తెలుగువాళ్లు ఎంతమంది వెళ్తున్నారో అక్కడి రేవులో పది నిమిషాలు నిలబడితే చాలు, చెవులకే తెలుస్తుంది. నేనూ మా వాళ్లతో వెళ్లాను. చాలా బాగుంటుంది, వెళ్లొద్దు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. సాయంత్రం అయ్యేసరికి జాలర్లు వలలు వేసుకుంటారు కాబట్టి బోట్లన్నీ గట్టు పక్కకు చేరి కట్టేసి ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి. రాత్రి భోజనాలయ్యాక పడకగదుల్లో ఏసీ వేస్తారు. ఏసీ నడిచేది జనరేటర్ మీద. తలుపులు, కిటికీలు బిగించుకుని, లోపల పిల్లలు, పక్క బోటు జనరేటర్ మన కిటికీ వైపు పొగ వదులుతూ, తెల్లవార్లూ. నా లెక్క ప్రకారం పడవ ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదమైన సమయం అదే, ఎందుకంటే నిద్రలో తలనొప్పి తెలియదు, లేచి బయటికి రావాలని అనిపించదు.

నేను దిగిన బోటులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని అడిగితే అక్కడి కుర్రాడు చాలా మర్యాదగా పైకప్పుకు ఉన్న స్మోక్ అలారం చూపించాడు. ఆ అబ్బాయిని ఏమీ అనను, అతనికి ఎవరూ చెప్పలేదు. స్మోక్ అలారం పొగ కణాలను పసిగడుతుంది, ఈ వాయువును పట్టుకోలేదు. రెండూ వేరు వేరు పరికరాలు.

నిజం చెప్పాలంటే డీజిల్ ఇంజిన్ పెట్రోలు ఇంజిన్ కన్నా చాలా తక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. మన లాంచీలు, కేరళ బోట్లు ఎక్కువగా డీజిల్‌వే కావడం మన అదృష్టం. కానీ తక్కువ అంటే లేదని కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిన ఇంజిన్, లోడ్ మించిన జనరేటర్, గొట్టం జాయింటు దగ్గర పగిలి ఇంజిన్ గదిలోకే పొగ వదిలేది, ఇవి ఉన్నచోట డీజిల్ అని ధైర్యం చెప్పుకోలేం. ఇక ఎవరైనా ఫంక్షన్ కోసం, డీజే కోసం చిన్న పెట్రోలు జనరేటర్ తెచ్చి పడవలో పెడితే మాత్రం నేను ఆ పడవ ఎక్కను. మీరూ ఎక్కకండి. 2013 ఏప్రిల్ 1న ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు మీద తల్లీకూతుళ్లు ఇలాగే పోయారు. క్యాబిన్ వెచ్చగా ఉండాలని పడవలో ఒక చిన్న జనరేటర్ పెట్టుకున్నారు, దాని పొగ గొట్టం సొంతంగా మార్చి బిగించింది, అది ఊడింది. అన్నిటికన్నా బాధ కలిగించే విషయం, అలారం ఆ పడవలో ఉంది, దానికి కరెంటు కనెక్షన్ లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి అక్కడి కాలువల్లో, నదుల్లో తిరిగే పడవల్లో చాలావాటికి అలారం తప్పనిసరి చేశారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2015లో ఒక చిన్నపాప పడవలోనే చనిపోయాక చట్టం తెచ్చింది, లోపల పడుకునే గది ఉన్న పడవలకు 2018 మే నుంచి అలారం ఉండాల్సిందే. ఎక్కడ చూసినా ఒక పసిప్రాణం పోయాకే చట్టం వచ్చింది. మనకు అలా జరగాల్సిన పని లేదు, వాళ్ల అనుభవం మన కళ్లముందే ఉంది.

ఇప్పుడు ఈ ఉత్తరానికి పెట్టిన శీర్షిక దగ్గరికి వస్తాను, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఈ విషం మొదట చూపించే లక్షణాలు తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం, కాళ్లలో పట్టు లేకపోవడం. పడవలో ఎవరికైనా ఇవి వస్తే మన ఇంట్లో ఏమంటాం? ఎండదెబ్బ, పడవ పడలేదు, పొద్దున తిన్న పులిహోర అరగలేదు, రాత్రి నిద్ర లేదు. ఓ నిమ్మకాయ వాసన చూపించి, నుదుటికి అమృతాంజనం రాసి, లోపల ఏసీలో కాసేపు పడుకో తగ్గిపోతుంది అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ విషవాయువు ఉన్న పడవలో ఆ మనిషిని అది ఎక్కువగా పేరుకునే గదిలోకి పంపించి తలుపు వేస్తున్నాం. మందు తాగిన కుర్రాళ్ల మధ్య అయితే ఇంకా కష్టం, తూలుతుంటే ఎక్కువైంది పడుకోనీ అని వదిలేస్తారు.

కాబట్టి పడవలో తలనొప్పి అని ఎవరు అన్నా ముందు పైకి, గాలి తగిలే చోటికి తీసుకురండి. వెనక్కి కాదు, ముందుకు, గాలి ఎదురు వచ్చే వైపు. ఇంజిన్, జనరేటర్ ఆపించండి. కారణం ఎండ అయినా అజీర్తి అయినా గాలి తగిలితే నష్టం లేదు కదా. ఒకరికి మించి ఎక్కువమందికి ఒకేసారి తలనొప్పి, వాంతులు అంటే అది తిండి అని తేల్చేయకండి. ఒడ్డు ఎక్కగానే తేలిక పడి మళ్లీ బోటులోకి రాగానే మొదలైతే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఇంకో విషయం, కరోనా తర్వాత ప్రతి ఇంట్లో వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ ఉంది. అది ఇక్కడ మోసం చేస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ ఆ మామూలు మీటరు తేడా కనిపెట్టలేదు, మనిషి ప్రమాదంలో ఉన్నా 98 చూపిస్తుంది. మీటరు బాగుంది కదా అని ఆగిపోవద్దు. 108కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో మొట్టమొదట జనరేటర్ పొగ పీల్చాడు, కార్బన్ మోనాక్సైడ్ అని అనుమానం అని చెప్పండి. ఆ ఒక్క మాట లేకపోతే డాక్టరు గారు కూడా ఎండదెబ్బ వైపే ఆలోచించే అవకాశం ఉంది. రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ అనే పరీక్ష ఉంది. మామూలు గాలిలో ఈ విషం సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే దాదాపు గంటా గంటన్నరలో సగానికి వస్తుంది. అందుకే స్పృహ వచ్చింది కదా అని ఇంటికి తీసుకుపోవద్దు, కొందరికి రోజుల తర్వాత మతిమరుపు, తికమక లాంటివి కనిపిస్తాయి.

నీళ్లలో ఉన్నవాడు పడవ వెనక ఒక్కసారిగా మెతకబడితే వెంటనే దూకేయాలనిపిస్తుంది. ముందు ఇంజిన్ ఆపాలి, జనరేటర్ ఆపాలి, ఆ తర్వాతే దిగాలి, అదీ లైఫ్ జాకెట్ వేసుకుని. లేకపోతే కాపాడబోయినవాడు కూడా అదే గాలి పీలుస్తాడు. మన ఊళ్లలో పాత బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి వెనక ఒకరు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మీ పత్రికలోనే ఎన్నిసార్లు వేశారో మీకు తెలుసు.

బోటు యజమానులకు, సరంగులకు నేను చెప్పేది పెద్ద ఖర్చు వ్యవహారం కాదు. పొగ గొట్టం ఇంజిన్ నుంచి బయటిదాకా చేత్తో తడిమి, మసి మరకలు ఎక్కడ ఉన్నాయో చూడండి, మసి ఉన్నచోట లీకు ఉంది. చల్లగా ఉన్నప్పుడు చూడండి, చేయి కాలుతుంది. రబ్బరు గొట్టాలు పగిలితే టేపు చుట్టకుండా మార్చండి. జనరేటర్ పొగను వెనక పలక కిందికో, పక్క బోటు కిటికీ వైపుకో కాకుండా పై డెక్కు మీద తలల కన్నా ఎత్తుగా నిలువు గొట్టంతో వదలండి, లేక్ పావెల్ తర్వాత నియోష్ వాళ్లు చెప్పింది కూడా అదే. ఇంజిన్ గదికీ పడకగదికీ మధ్య గోడలో వైర్ల కోసం, పైపుల కోసం పెట్టిన రంధ్రాలు మూసేయండి. పడుకునే ప్రతి గదిలో అలారం పెట్టండి, ఇళ్లకు కాకుండా పడవలకు, క్యారవాన్లకు తయారుచేసిన రకం తీసుకోండి, తడికి, కుదుపుకు అది తట్టుకుంటుంది. దాని మీద గడువు తేదీ ఉంటుంది, సెన్సారు కొన్నేళ్లకు పనికిరాకుండా పోతుంది, బటన్ నొక్కితే మోగినంత మాత్రాన లోపల సెన్సారు బాగుందని కాదు.

అధికారులకు ఒక మనవి. ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 2021లో వచ్చింది, పడవల సర్వే, రిజిస్ట్రేషన్ దాని కింద జరగాలి. సర్వేకు వెళ్లినప్పుడు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టినట్టే, జనరేటర్, ఏసీ రెండూ నడుపుతూ తలుపులు మూసి గదిలో మీటరు పెట్టి కొలవండి. అరగంట పని. 2018 మేలో మంటూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు గాలివానకు తలుపులు, కిటికీలు మూసుకుని కూర్చున్నవాళ్లు లోపలే చిక్కుకుపోయారని అందరం చదివాం. మూసిన గది పడవలో ఎప్పుడూ అనుమానించాల్సిన చోటే, నీళ్ల వల్ల అయినా, గాలి వల్ల అయినా. తప్పించుకునే దారి, గాలి వచ్చే దారి రెండూ కలిపి తనిఖీ చేస్తే ఒకే తనిఖీలో రెండు పనులవుతాయి.

చదివే కుటుంబాలకు, బుక్ చేసేముందు ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడగండి చాలు. జనరేటర్ పొగ ఎటు వదులుతారు? పడకగదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? పదిమంది అడిగితే పదకొండోవాడు అడిగేలోపు యజమాని కొంటాడు, ఇది వ్యాపారం. సమాధానం నచ్చకపోతే బ్యాటరీతో నడిచే అలారం ఒకటి బ్యాగులో వేసుకుని వెళ్లండి, పడకకు దగ్గర్లో పెట్టుకోండి, లేదా ఆ రాత్రికి ఏసీ మానేసి కిటికీ తీసి, దోమతెర కట్టుకుని పడుకోండి. అప్పుడు కూడా పక్క బోటు జనరేటర్ మన వైపు ఉంటే బోటు కాస్త జరపమని అడగండి, మొహమాటం వద్దు.

సంపాదకులు గారూ, వచ్చేసారి పడవ విహారం మీద కథనం వేసినప్పుడు ఆ జాగ్రత్తల బాక్స్‌లో లైఫ్ జాకెట్ పక్కనే ఇంకో రెండు వాక్యాలు చేర్చండి: ఇంజిన్, జనరేటర్ నడుస్తుండగా పడవ వెనక ఈత కొట్టవద్దు, తలనొప్పి, వికారం వస్తే గదిలో పడుకోకుండా పైకి గాలిలోకి రండి. చోటు తక్కువైతే నా ఉత్తరంలో మిగతాదంతా తీసేసినా ఆ రెండూ వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెరైన్ ఇంజినీరు,
కాకినాడ